పోలిక, పొందిక

ఒక గాజుల వ్యాపారి, అతని భార్య. ఊళ్లో వాళ్లకు ఇల్లుంది గానీ ఏడాదిలో సగం రోజులు దానికి తాళమే. పుష్యంలో కెస్లాపూర్ నాగోబా, రెండేళ్లకోసారి మాఘంలో మేడారం, తర్వాత కొమురవెల్లి, వేములవాడ, శివరాత్రికి ఏడుపాయల. జాతర ఎక్కడుంటే ఆ నాలుగు రోజులు వాళ్ల ఊరు అదే. ఇల్లు మాత్రం ఎప్పుడూ ఒకటే: ఒక పాత మెటాడోర్ వ్యాను.

ముందు రెండు సీట్లు. వాటి వెనక అడ్డంగా బిగించిన చెక్క మంచం. మంచం కింద గాజుల డబ్బాలు, బొట్టుబిళ్లల అట్టలు, గోళ్ల రంగు సీసాలు, పిల్లల బొమ్మలు. పక్కన చిన్న గ్యాసు పొయ్యి, బియ్యం డబ్బా, నీళ్ల క్యాను. పైన ఈ చివరి నుంచి ఆ చివరికి కట్టిన తాడు మీద ఆరేసిన బట్టలు. వెనక తలుపు తెరిస్తే అదే దుకాణం, మూస్తే అదే ఇల్లు. పట్నాల్లో ఇప్పుడు కలిగినవాళ్లు లక్షలు పోసి చేయించుకుంటున్న క్యాంపర్ వ్యాన్లను చూసినప్పుడల్లా నాకు ఇలాంటి బండ్లే గుర్తొస్తాయి. పేరు లేకపోయినా ఆ పని మన జాతర జనం ఎప్పటి నుంచో చేస్తున్నారు.

బండి పాతది. పుణెలో బజాజ్ టెంపో కంపెనీ జర్మనీ నమూనా మీద కట్టిన మెటాడోర్లు ఒకప్పుడు మన రోడ్ల నిండా ఉండేవి. కూరగాయలు, పెళ్లి జనం, బడి పిల్లలు, ఎన్నికల మైకులు అన్నీ వాటిలోనే. తర్వాత వాటి తయారీ ఆగింది. 2005లో కంపెనీ పేరు కూడా ఫోర్స్ మోటార్స్ అయింది. బండ్లు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. కంపెనీ సామాను దొరకని బండి ఎలా నడుస్తుందంటే, దారిలో ఎదురైన ప్రతి మేస్త్రీ తన దగ్గరున్నదేదో అందులో పెట్టి పంపిస్తాడు. ఇరవై, ముప్పై ఏళ్లు అలా గడిచాక ఆ బండిలో ఏది పుట్టుకతో వచ్చిందో, ఏది మధ్యలో చేరిందో యజమానికి కూడా తెలియదు.

ఆ ఏడు శివరాత్రికి రెండు రోజుల ముందు ఇద్దరూ బోధన్ వైపు నుంచి బయలుదేరారు. బాన్సువాడ మీదుగా ఎల్లారెడ్డి, అక్కడి నుంచి మెదక్, ఆ పైన మంజీర ఏడు పాయలుగా చీలే ఏడుపాయల దుర్గమ్మ సన్నిధి. బాన్సువాడ పొలిమేరలో చీకటి పడుతుండగా ఒక స్పీడు బ్రేకర్ ఎక్కి దిగారు. వెనక ఏదో టంగుమంది. తలుపు ఒక పక్కకు ఒరిగి, కింది కబ్జా మీద వేలాడుతోంది. పై కబ్జా ఊడిపోయింది. రెండు డబ్బాల గాజులు రోడ్డు మీద పగిలాయి.

వ్యాపారి టార్చిలైటు వేసి వెతికితే బోల్టు దొరికింది. భార్య వెనక్కి నడిచి నాలుగు వాషర్లు ఏరుకొచ్చింది. అతను వాటిని రుమాలులో కట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. నమూనా చేతిలో ఉంది, ఇక భయమేముంది అనుకున్నాడు. తలుపును తాడుతో కట్టి, ఆ రాత్రి కాలువ పక్కన బండి ఆపారు. నిజాంసాగర్ నీళ్లు ఆ కాలువలో పారుతున్నాయి. చుట్టూ యాసంగి వరి పచ్చగా ఉంది.

పొద్దున్నే అతను మొదటి హార్డ్‌వేర్ దుకాణానికి పోయాడు. రుమాలు విప్పి చూపించాడు. దుకాణదారు బోల్టును వేళ్ల మధ్య తిప్పి, సొరుగులోంచి ఒకటి తీసి పక్కన పెట్టాడు. అదే పొడవు, అదే లావు, అదే తల. నాలుగు వాషర్లు కూడా లెక్కపెట్టి ఇచ్చాడు. బండి దగ్గరికి వచ్చి బిగిస్తే రెండు చుట్లు తిరిగి పట్టేసింది. ఇంకొంచెం తిప్పితే గట్టిగా ఉంది. సరే, బిగిసింది అనుకున్నాడు. తలుపు తెరిచి మూసేసరికి బోల్టు మళ్లీ చేతిలోకి వచ్చింది.

రెండో దుకాణం. అక్కడి కుర్రాడు, “అది నాసి మాల్ అన్నా, ఇది తీస్కపో” అని తల మీద 8.8 అని అచ్చు గుద్దిన బోల్టు ఇచ్చాడు. అబద్ధం చెప్పలేదు. ఆ అంకె బోల్టు ఎంత బలానికి తట్టుకుంటుందో చెబుతుంది. ఏ రంధ్రంలో కూర్చుంటుందో మాత్రం చెప్పదు. అది కూడా రెండు చుట్లు తిరిగి పట్టేసింది. ఈసారి అతను పానాకు ఇనుప పైపు తొడిగి బలమంతా పెట్టి తిప్పాడు. కిర్రుమంటూ ఇంకో చుట్టు పోయింది. బయటికి తీసి చూస్తే బోల్టు కొసన మరలు నలిగి, మెరుస్తున్న ఇనుప పొట్టు వేళ్లకు అంటింది.

మూడో చోట వెల్డింగ్ షాపు. “గింత పరేషాన్ ఎందుకే? కబ్జాను బాడీకే అంటిస్త. జిందగీల ఊడది” అన్నాడు ఆయన. వ్యాపారి దాదాపు ఒప్పుకున్నాడు. అప్పుడు భార్య అడ్డం వచ్చింది.

“అంటిస్తే తలుపు ఎట్ల తెరుసుడు? తలుపు తెరవకుంటే దుకాణం ఏడ పెడ్తం?”

“మరి ఏం జెయ్యాలె? పొద్దటి సంది తిరుగుతున్న. అచ్చం గిదే బోల్టు. రెండు తెచ్చిన.”

ఆమె రుమాలులోని పాత బోల్టును తీసుకుని చూసింది. “పోయిన ఏడు కొమురెల్లిల ఊడింది గిదే గదా? వేములవాడ కాడ గూడ నువ్వు గిదే బిగిస్తుంటివి. నెలకోపారి నేనే యాది జేస్త, జర బిగియ్యమని. ఊడేదాని అసుంటిదే తెస్తే అది గూడ ఊడుతది గదయ్యా.”

అతని దగ్గర జవాబు లేదు. వెల్డింగ్ షాపాయన నవ్వి, బోధన్ రోడ్డులో పాత లేత్ మిషన్ ఉన్న చాచా దగ్గరికి పొమ్మన్నాడు.

చాచా డెబ్బై దాటిన మనిషి. కళ్లద్దాలకు ఒక పక్క దారం కట్టుకున్నాడు. పడుచుతనంలో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ వర్క్‌షాపులో పని నేర్చుకున్నాడు. నిజాం కాలంలో, 1930ల చివర మొదలైన ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. చాచా చేతుల్లోని పని మాత్రం మూతపడలేదు. దుకాణంలో గోడ పొడవునా పాత పాల డబ్బాలు. ప్రతి డబ్బా మీద సుద్దతో తెలుగులోనో, ఉర్దూలోనో ఏదో రాసి ఉంది.

వ్యాపారి రుమాలు విప్పి బోల్టును బల్ల మీద పెట్టాడు. “చాచా, సేమ్ గిట్లాంటిదే గావాలె.”

చాచా బోల్టు వైపు చూశాడు గానీ ముట్టుకోలేదు. “బండేది బేటా?”

“బండి కాలువ కాడుంది. బోల్టు తెచ్చిన గదా.”

“బోల్టు ఊడొచ్చింది. నాకు చెప్పేదేముంది దానికి? ఊడకుండ ఉండే జాగను చూడాలె. బండి తీస్కరా.”

బండి వచ్చింది. చాచా ముందుగా గుడ్డ పేలికను కిరోసిన్‌లో ముంచి, పుల్లకు చుట్టి రంధ్రం తుడిచాడు. లోపల తుప్పు, గ్రీజు, ఇనుప పొట్టు నల్లగా ఊడొచ్చాయి. తర్వాత పాత బోల్టును చేతిలోకి తీసుకుని భార్యాభర్తలిద్దరికీ కనిపించేలా వెలుతురులో పట్టుకున్నాడు.

“ఇగో, కొసన చూడున్రి. మూడు చూడీలు నలిగినయి. మీద మిగిలిన చూడీలు? దుకాణంల కొన్న రోజు ఎట్లున్నయో అట్లనే ఉన్నయి. అంటే ఏమిటి? ఈ బోల్టు ఏనాడూ మూడు చుట్ల కంటే లోపటికి పోలే. ఇన్నేండ్లు కొస మీదనే నిలబడ్డది.”

“మరి గట్టిగనే ఉంటుండె గదా?”

“వాషర్లు ఎన్ని?”

“నాలుగు.”

“కబ్జాకు నాలుగు వాషర్లు ఎక్కడన్న పెడ్తరా? లోపటికి పోని బోల్టుకు బయట మిగిలిన సందును వాషర్లతోని నింపిన్రు. చూసేటోనికి తల కబ్జాను ఆనుకున్నట్టే కనవడ్తది.”

వ్యాపారి తన జేబు తడుముకున్నాడు. పొద్దున కొన్న కొత్త వాషర్లు నాలుగూ అందులోనే ఉన్నాయి. ఎవరో తమ తప్పును కప్పడానికి పెట్టినవాటిని అతను లెక్క తప్పకుండా డబ్బిచ్చి కొనుక్కున్నాడు.

చాచా సొరుగులోంచి చిన్న గేజు తీశాడు. చాకు మడతల్లా విప్పుకునే రేకులు, ఒక్కో రేకుకు దువ్వెన పళ్లలాంటి అంచు. కొవ్వొత్తి మైనాన్ని వేళ్ల మధ్య మెత్తగా చేసి రంధ్రం గోడకు ఒత్తి తీశాడు. మైనం మీద మరల గీతలు పడ్డాయి. ఒక్కో రేకూ ఆ గీతలకు ఆనించి చూశాడు. మొదటిది కూర్చోలేదు. రెండోదీ కూర్చోలేదు. 24 అని రాసి ఉన్న రేకు మాత్రం సందులో వెలుతురు కూడా దూరనంతగా అమరింది.

“అంగుళానికి ఇరవై నాలుగు చూడీలు. రెండున్నర సూత్ బోల్టు ఇది. మిల్లీమీటర్ల లెక్కది కాదు.”

తెలియనివాళ్ల కోసం ఇక్కడ కాస్త ఆగి చెబుతాను. మన మేస్త్రీల భాషలో చూడీలంటే మరలు, సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. రెండున్నర సూత్ అంటే అంగుళంలో పదహారింట అయిదు వంతులు, అంటే 7.94 మిల్లీమీటర్లు. దుకాణాల్లో ఇచ్చిన బోల్టు 8 మిల్లీమీటర్లది. రెండింటికీ తేడా 0.06 మిల్లీమీటరు, దాదాపు ఒక తల వెంట్రుక మందం. కంటికి ఆనదు, వేలికి తెలియదు. 13 నంబరు పానా రెండింటి తల మీదా కూర్చుంటుంది, అంగుళాల లెక్క బోల్టు మీద ఒక్క పిసరు వదులుగా. మరల్లో మాత్రం తేడా పెద్దది. 8 మిల్లీమీటర్ల మామూలు బోల్టుకు మరకూ మరకూ మధ్య 1.25 మిల్లీమీటర్లు. అంటే అంగుళానికి ఇరవై పైచిల్లర మరలు. రంధ్రంలో ఉన్నవి ఇరవై నాలుగు. మొదటి చుట్టులో తేడా తెలియదు. రెండో చుట్టులో అడుగు తప్పుతుంది. మూడో చుట్టుకు ఒకదాన్నొకటి కొరుకుతాయి. మనం దాన్ని బిగిసిందనుకుంటాం.

“మెటాడోర్‌కు అంగుళాల కబ్జా ఎందుకుంటది చాచా?” అని అడిగింది భార్య.

“అది మెటాడోర్‌ది కాదు బిడ్డా. జీపుది.” చాచా పై కబ్జాను వేలితో తట్టాడు. “కింది కబ్జా చూడు, అది కంపెనీది. జర్మనీ లెక్క, మిల్లీమీటర్లు. పైది ఎప్పుడో విరిగింది. అప్పుడు ఎవరో పాత జీపు కబ్జాను నట్టుతో సహా తెచ్చి ఈడ అతికిచ్చిన్రు. జీపు అమెరికా లెక్క, అంగుళాలు. ఆ మేస్త్రీ మంచిగనే చేసిండు. బోల్టు గూడ సరైనదే పెట్టి ఉంటడు. అది పోయిన రోజు ఇంకో మేస్త్రీ వచ్చిండు. ఆయన చేతిల మిల్లీమీటర్ల బోల్టు ఉంది. రెండు చుట్లు ఎక్కింది. చాలనుకున్నడు. అప్పటి సంది మీరు ఆ రెండో ఆయన తప్పునే నమూనా చేస్కొని ఊరూరు తిరుగుతున్నరు.”

అతను లేచి డబ్బాల వరుసలో ఒకటి దించాడు. ఎప్పుడో తుక్కుకు పోయిన జీపుల నుంచి విప్పి దాచుకున్న బోల్టులవి. ఒకటి ఏరి, తుడిచి, గేజుకు ఆనించి చూశాడు. ముందు అదే కొలత ట్యాపును రంధ్రంలోకి అటూ ఇటూ తిప్పుతూ పంపి, నలిగిన మరలను శుభ్రం చేశాడు. తర్వాత బోల్టుకు ఒక చుక్క నూనె పెట్టి వ్యాపారి చేతికిచ్చాడు.

“పానా వద్దు. ఏళ్లతోని తిప్పు.”

అతను తిప్పాడు. ఒక చుట్టు, రెండు, మూడు. మూడో చుట్టు దగ్గర అలవాటు కొద్దీ చెయ్యి ఆగింది. బోల్టు ఆగలేదు. నాలుగు, అయిదు, ఆరు. తల వచ్చి కబ్జాకు ఆనేదాకా రెండు వేళ్లతోనే పోయింది. చివరన ఒకే ఒక్క వాషరు. చాచా పానాతో పావు చుట్టు బిగించి వదిలాడు.

చాచా జీపు బోల్టుకు అయిదు రూపాయలు, ట్యాపు వేసిన పనికి యాభై అడిగాడు. పైగా ఇంకో మాట అన్నాడు. “ఈడ రాసిపెట్టున్రి. రేపు నేనుండ. వచ్చేటోనికి తెల్వాలె గదా.” భార్య బండిలోకి వెళ్లి, అమ్మకానికి పెట్టిన గోళ్ల రంగు సీసా ఒకటి మూత తీసింది. తలుపు లోపలి వైపు ఎర్రటి అక్షరాలతో రాసింది: పైన అంగుళం, రెండున్నర సూత్, 24. కింద 8 మిల్లీమీటర్లు. మరునాటికి వాళ్లు ఏడుపాయల చేరారు. జాతర మూడు రోజులూ తలుపు వందసార్లు తెరిచి మూశారు.

కథ ఇంతే. దీని నీతి: పోలిక చూడవద్దు, పొందిక చూడాలి.

పోయిన వస్తువును పోలినది తేవడం తేలిక. చేతిలో నమూనా ఉంటుంది, పక్కన పెట్టి చూస్తే చాలు. ఉన్నచోట పొందికగా కూర్చునేదాన్ని తేవాలంటే ఖాళీ అయిన ఆ చోటును చదవాలి. అది చీకటిగా, మురికిగా ఉంటుంది. తుడవాలి, మైనం ఒత్తాలి, గీతలు లెక్కపెట్టాలి. అంత ఓపిక లేక మనం నమూనాను నమ్ముతాం. ఆ నమూనా సరైనదేనా అన్న ప్రశ్న మాత్రం వేసుకోం. పాతది కాబట్టి అసలుదే అయి ఉంటుందని అనుకుంటాం. పాతదైన తప్పు కూడా పాతదిలాగే కనిపిస్తుంది.

ఇది మెటాడోర్ తలుపుతో తీరిపోయే సంగతి కాదు. 1990 జూన్ 10న ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మాలగాకు బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి, 17 వేల అడుగుల ఎత్తు దాటాక పైలట్ ముందున్న అద్దం ఊడి ఎగిరిపోయింది. కెప్టెన్ నడుము దాకా బయటికి లాగబడ్డాడు. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని ఉంటే, రెండో పైలట్ సౌతాంప్టన్‌లో విమానాన్ని దించాడు. కెప్టెన్ బతికాడు. దర్యాప్తులో బయటపడింది ఏమిటంటే, అంతకు కాస్త ముందే ఆ అద్దం కొత్తగా బిగించారు. దానికి 90 బోల్టులు. వాటిలో 84 బోల్టులు ఉండాల్సిన వ్యాసం కంటే 0.66 మిల్లీమీటరు సన్నం. మిగిలిన ఆరు సరైన లావువే గానీ పొడవు చాలవు.

ఆ పని చేసిన ఆయన అనుభవం లేనివాడేమీ కాదు. పాత అద్దం నుంచి విప్పిన బోల్టును నమూనాగా పట్టుకుని, కంటితో పోల్చి కొత్తవి ఏరాడు. అయితే ఆ పాత బోల్టులే సరైనవి కావు, పొడవు తక్కువవి. అంతకు ముందెవరో చేసిన తప్పు అది. స్టోరులో ఉన్న వ్యక్తి ఆ అద్దానికి వేరే కొలత బోల్టు వాడతారని చెప్పాడు కూడా. ఆ విమానం విడిభాగాల పుస్తకం తెరిచి ఉంటే అందులోనూ ఉంది. చేతిలోని నమూనా ముందు మనిషి మాటా, పుస్తకంలోని మాటా నిలవలేదు. తప్పు నమూనాతో పోల్చడానికి పోయి, పోల్చడంలో మరో తప్పు చేశాడు. బాన్సువాడలో గాజుల వ్యాపారి నాలుగు వాషర్లు లెక్కపెట్టి కొన్నదానికీ, దీనికీ నాకు తేడా కనిపించదు. ఎత్తొక్కటే తేడా.

1904 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోర్ నగరం తగలబడింది. వాషింగ్టన్, ఫిలడెల్ఫియా నుంచి కూడా ఫైరింజన్లు పరుగెత్తుకొచ్చాయి. వచ్చినవాళ్ల గొట్టాలు బాల్టిమోర్ నీటి కొళాయిలకు పట్టలేదు. చూపుకు అవే గొట్టాలు, అవే కొళాయిలు. మరలు వేరు. 1,500కు పైగా భవనాలు కాలిపోయాయి. సాయం వచ్చింది, నీళ్లూ ఉన్నాయి. రెండింటినీ కలిపే చోట పొందిక కుదరలేదు.

మన దేశంలో ఈ చిక్కు ఇంకా మన మధ్యనే ఉంది. మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. అయినా ఇవాళ బాన్సువాడ బజారులో బట్ట మీటర్లలో కొంటాం, ఇంటి జాగా గజాల్లో, పొలం ఎకరాల్లో, గుంటల్లో, నీళ్ల పైపు అంగుళాల్లో. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ఒక్కో కొలత ఒక్కో కాలం నుంచి వచ్చి మన దగ్గర స్థిరపడింది. పాత బండి కూడా అంతే. జర్మనీ కొలత కింద, అమెరికా కొలత పైన, రెండూ ఒకే తలుపును మోస్తాయి. మోయగలవు కూడా, దేని బోల్టు దానికి పెడితే. చిక్కల్లా బండి అంతా ఒకటే జాతి అనుకున్నప్పుడు వస్తుంది.

మనుషుల విషయంలోనూ ఇదే చూశాను. మా మండలంలో ఒక బడిలో చాలా ఏళ్లు చెప్పిన లెక్కల సారు రిటైరయ్యాడు. ఊరంతా “అచ్చం అసుంటి సారే రావాలె” అంది. పిల్లలకు ఇప్పుడు ఏది రావడం లేదో, ఏ తరగతిలో ఎక్కడ ఆగిపోతున్నారో ఎవరూ అడగలేదు. ఆ సారు మంచివాడే. ఆయన ఖాళీ చేసిన చోటు మాత్రం ఆయన వచ్చిన రోజున ఉన్న చోటు కాదు. ముందుగా చూడాల్సింది ఆ తరగతి గదిని.

చాచా లాంటివాళ్లు ఇప్పుడు తగ్గిపోతున్నారు. ఫ్యాక్టరీ వర్క్‌షాపులు మూతపడ్డాక, చేత్తో మర కోసి గేజుతో చూసి అమర్చే పని నేర్చుకునేవాళ్లు కరువయ్యారు. పాత బండిని తుక్కుకు అమ్మేసి కొత్తది కొనే స్తోమత అందరికీ లేదు. గాజుల వ్యాపారికి లేదు, వరి కోత మిషన్ వెంట తిరిగే డ్రైవరుకు లేదు, ఊరూరా ఆడే చిందు మేళానికి లేదు. వాళ్ల ఇల్లు, దుకాణం, అన్నం అన్నీ ఒక కబ్జా మీద వేలాడుతుంటాయి. అందుకే ఈ చిన్న సంగతిని ఇంత దూరం చెప్పాను.

పాత బండి ఉన్నవాళ్లకు నా మనవి. బోల్టు ఊడితే దాన్ని పారేయకండి, కానీ దాన్ని గుడ్డిగా నమ్మకండి. దాని ఏ మరలు అరిగాయో, ఏవి కొత్తగా ఉన్నాయో ముందు చూడండి. కొత్తదాన్ని వేళ్లతో తిప్పి చూడండి. తుడిచి నూనె వేసిన రంధ్రంలో కూడా వేళ్లతో మూడు, నాలుగు చుట్లు పోకపోతే పానా తీయకండి, పైపు అసలే తొడగకండి. ఒకటికి మించి వాషర్లు కనిపిస్తే అవెందుకున్నాయో అడగండి. సరైనది దొరికిన రోజు దాని కొలతను తలుపు లోపల రాసిపెట్టండి, గోళ్ల రంగుతోనైనా సరే. మీ ఊళ్లో లేత్ మిషన్ ముందు కూర్చునే పెద్దమనిషి ఇంకా ఉంటే ఆయన దగ్గరికి పోండి. పోయేటప్పుడు బోల్టు ఒక్కటే పట్టుకుపోకండి, బండిని తీసుకుపోండి.